‘మీ ఇష్టం’ అంటే ఏమిటి? – ఇష్టం, ఎంపిక, నిర్ణయం చెప్పే ఇంగ్లీషు మాటలు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము సోలాపూర్ నుంచి వచ్చినవాళ్లం. అక్కడ పూర్వభాగంలో మన కులబాంధవుల హాలులో ప్రతి ఆదివారం ఇంగ్లీషు తరగతి నడుపుతున్నాం. మేమంటే నలుగురం. ఇద్దరం బడిలో పాఠాలు చెప్పేవాళ్లం, ఒకరు టవళ్ల గోడౌన్‌లో లెక్కలు రాస్తారు, ఇంకొకరు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. నలుగురిలో ఎవరమూ ఇంగ్లీషు పండితులం కాము. ఆ సంగతి ముందే చెప్పేస్తే మాకూ నిమ్మళం, మీకూ నిమ్మళం.

మా తరగతికి వచ్చేవాళ్లు పరీక్షల కోసం రారు. సాంచాలు నడిపేవాళ్లు, టవళ్ల అంచులు కుట్టేవాళ్లు, బీడీలు చుట్టే చిన్నవ్వలు, పన్నెండో తరగతి పాసైన పిల్లలు వస్తారు. మొదట్లో మేము పుస్తకం పెట్టుకొని ‘దిస్ ఈజ్ ఎ క్యాట్’ అని మొదలుపెట్టాం. రెండు వారాలకు ఒక కాక లేచి, “పిల్లి సంగతి మాకెందుకు సార్, ఈ మెసేజీల ఏమున్నదో చెప్పుండ్రి” అని ఫోను చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి మా పాఠ్యపుస్తకం ఫోనే. మెసేజీలు చదువుతూ పోతే తెలిసిందేమిటంటే, మనవాళ్లకు వస్తువుల పేర్లు ఇంగ్లీషులో బాగానే వచ్చు. బీమ్, కోన్, డాబీ, బార్డర్, డిస్పాచ్, పేమెంట్ అన్నీ వచ్చు. చిక్కంతా ఎదుటివాడు ‘నాకిది కావాలి’, ‘ఇది వద్దు’, ‘ఇంకా తేల్చుకోలేదు’, ‘తేల్చేశాను’ అని చెప్పే మాటల దగ్గరే ఉంది. వాటి గురించే ఈ రోజు మాట్లాడమని సంఘం పెద్దలు అడిగారు.

ముందు మన మాటతోనే మొదలుపెడదాం. ‘మీ ఇష్టం’. ఈ రెండు ముక్కలతో మన ఇళ్లలో ఎన్ని పనులు జరుగుతాయో చూడండి. పెళ్లిచూపులప్పుడు పిల్ల తల వంచుకొని ‘మీ ఇష్టం’ అంటే సరేనన్నట్టు. చీర రంగు అడిగితే వదినె ‘మీ ఇష్టం’ అని లోపలికి పోయిందంటే ఆ రంగు వద్దన్నట్టు. పాలివాళ్లు వాటాల దగ్గర ‘మీ ఇష్టం అన్నా’ అన్నారంటే ఇక కోర్టు దాకా పోతుందన్నట్టు. మాట ఒక్కటే. అర్థం గొంతులో ఉంటుంది, కళ్లలో ఉంటుంది, తలుపు వేసిన చప్పుడులో ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషికి ఇది అర్థమవుతుంది. ఫోనులో అక్షరాలు చదివేవాడికి గొంతు వినపడదు. మన పిల్లలు దీన్నే ‘యాజ్ యూ లైక్ సర్’ అని మార్చి పంపుతారు. అవతలివాడు దాన్ని ‘ఏదైనా సరే’ అని చదువుకొని, తనకు లాభమైనదే ఎంచుకుంటాడు. అతన్నీ తప్పు పట్టలేం.

మనం ఇళ్లు కట్టుకున్న ఊళ్ల మాటలు కూడా ఇందులో కలిశాయి. సోలాపూర్‌లో మాకు మరాఠీ ‘చాలేల్’ అలవాటైపోయింది. రేటు తగ్గించినా చాలేల్, డెలివరీ జరిపినా చాలేల్. కర్ణాటకలోని మనవాళ్లకు ‘ఆగ్లి’, సేలం, కోయంబత్తూరు వైపు ‘సరి’, బరంపురంలో ‘హఉ’. అన్నీ సర్దుకుపోయే మాటలే. వలస వచ్చినవాళ్లు ముందుగా నేర్చుకునేది సర్దుకుపోయే మాటలేనేమో. మా ముత్తాతలు కరీంనగర్, వరంగల్ వైపు పల్లెల నుంచి మిల్లుల్లో, మగ్గాల మీద పనికని సోలాపూర్ వచ్చినప్పుడు ‘నాకిది ఇష్టం లేదు’ అని ఎవరితో చెప్పగలిగేవారు? ఇప్పుడా అవసరం లేదు. అయినా నాలుకకు అలవాటు పోలేదు.

ఇంకొక తేడా ఉంది, అది భాషలోనే ఉంది. మనం ‘నాకు ఇష్టం’ అంటాం. ఇష్టం ఎక్కడి నుంచో నడిచొచ్చి మన దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది ఆ మాట. ఇంగ్లీషులో ‘ఐ లైక్’. నేను అనే మనిషి ముందుకొచ్చి నిలబడి ఇష్టపడాలి. మా తరగతిలో ఆడవాళ్లు ఈ ‘ఐ’ దగ్గరే ఆగిపోతారు. ‘లైక్’ అనడం సులువుగానే వస్తుంది. ‘ఐ’ అనడానికే సిగ్గు. ఒక చిన్నవ్వ అయితే మూడు వారాలు ‘వి లైక్’ అనే అంది. అడిగితే, “నేనొక్కదాన్ని అన్నట్టు ఎందుకు, ఇంటోళ్లందరం అన్నట్టే ఉండనియ్యి” అంది. నవ్వాం గానీ ఆ మాట మాకు గుర్తుండిపోయింది.

సరే, పనికొచ్చే మాటలకు వద్దాం. ‘ఐ లైక్’ వేరు, ‘ఐ వుడ్ లైక్’ వేరు. మొదటిది స్వభావం, రెండోది ఇప్పటి కోరిక. ‘ఐ లైక్ టీ’ అంటే నాకు చాయ్ అంటే ఇష్టం అని మాత్రమే, ఎవరూ తెచ్చివ్వరు. ‘ఐ వుడ్ లైక్ టీ’ అంటే కప్పు వస్తుంది. గిరాకీ ‘వి వుడ్ లైక్ ఎ ఫ్రింజ్’ అని రాస్తే అతనికి కుచ్చులంటే ముచ్చట అని కాదు, కుచ్చులు పెట్టి పంపమని.

ఇక ‘ప్రిఫర్’. ఈ మాట మా ఇళ్లలో ఒకదానికి చాలా ఖరీదు పడింది కాబట్టి కొంచెంసేపు దీని దగ్గర ఆగుతాం. రెండింటిలో ఒకదాన్ని ముందు పెట్టడం ప్రిఫర్ అంటే. లాటిన్‌లో దీని మూలానికి ‘ముందు పట్టుకొని నడవడం’ అని అర్థం. మాలో ఒకరి ఇంటికి 600 టర్కీ టవళ్ల ఆర్డరు వచ్చింది, 75 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవు. మెసేజీలో చివర ‘వి వుడ్ ప్రిఫర్ 500 జీఎస్‌ఎం’ అని ఉంది. ఇంట్లో 450కి సరిపడే నూలు ఉంది. పెద్దకొడుకు చదివి, “ప్రిఫర్ అన్నడు బాపు, అయితే మంచిదే, కాకున్నా నడుస్తది” అన్నాడు. నడవలేదు. వ్యాపారపు ఇంగ్లీషులో కొనేవాడు ‘వి వుడ్ ప్రిఫర్’ అంటే చాలాసార్లు అది మర్యాద తొడుగు వేసిన ఆజ్ఞ.

లెక్క చూడండి. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. ఆ టవలు వైశాల్యం 1.125 చదరపు మీటర్లు. 500 చొప్పున అయితే ఒక్కొక్కటి 562 గ్రాములు దాటాలి, 450 చొప్పున 506 దగ్గర ఆగుతుంది. ఒక్క టవలుకు 56 గ్రాములు. చేత్తో పట్టుకుంటే మనకే సరిగా తెలియని బరువు. 600 టవళ్లకు దాదాపు 34 కిలోల నూలు. కొన్నవాడు కాటా మీద పెట్టి చూశాడు, రేటు కోసి తీసుకున్నాడు. ఆ పండక్కి ఆ ఇంట్లో కొత్త బట్టలు లేవు. టవళ్లు నేసే ఇంట్లో!

ఆ తర్వాత తరగతిలో అందరికీ ఒక్క వాక్యం కంఠస్థం చేయించాం: ‘ఈజ్ 500 ఎ మస్ట్, ఆర్ ఈజ్ 450 యాక్సెప్టబుల్?’ 500 తప్పనిసరా, 450 ఒప్పుకుంటారా? అంతే. ఇలా అడిగితే ఎవరూ కోప్పడరు, పైగా పని తెలిసినవాడు అనుకుంటారు. జవాబు రాతలో వస్తుంది కాబట్టి రేపు కాటా దగ్గర మాట్లాడటానికి మనకొక ఆధారం కూడా ఉంటుంది. వ్యాకరణం అడిగేవాళ్ల కోసం ఒక ముక్క: ‘ఐ ప్రిఫర్ కాటన్ దాన్ పాలిస్టర్’ అనరు, ‘కాటన్ టు పాలిస్టర్’ అంటారు. ‘దాన్’ అన్నా అర్థమవుతుంది లెండి, ఆర్డరేమీ పోదు.

‘టెంటేటివ్’ అని ఇంకొకటి ఉంది, దీనితో జాగ్రత్త. ‘టెంటేటివ్ క్వాంటిటీ’ అంటే అటూ ఇటూ కావచ్చు, ఖాయం కాదు. బీమ్ ఎక్కించకండి. ‘కన్ఫర్మ్‌డ్’ అంటే నక్కీ. కానీ ‘కన్ఫర్మ్‌డ్, సబ్జెక్ట్ టు శాంపిల్ అప్రూవల్’ అని ఉంటే ఆ కామా తర్వాతి భాగమే అసలు సంగతి. శాంపిల్ నచ్చితేనే నక్కీ, లేకపోతే కాదు. ‘సబ్జెక్ట్ టు’ ఎక్కడ కనపడినా దాన్ని ‘ఒక షరతు మీద’ అని చదువుకోండి. మనవాళ్లు ‘కన్ఫర్మ్‌డ్’ దాకా చదివి సంతోషంతో ఫోను జేబులో వేసుకుంటారు. ‘నోటెడ్’ అంటే చూశాను అని మాత్రమే, ఒప్పుకున్నాను అని కాదు. మనం రేటు పంపితే అతను ‘నోటెడ్’ అన్నాడనుకోండి, రేటు కుదరలేదు ఇంకా. ‘ఆన్ హోల్డ్’ అంటే ఆపమని.

‘మైండ్’ అనే మాట మమ్మల్ని ఎంత నవ్వించిందో. మా తరగతి అబ్బాయికి ఫోనులో ఒక పెద్దమనిషి, ‘వుడ్ యూ మైండ్ వెయిటింగ్ టిల్ మండే?’ అని అడిగాడు. మనవాడు మహా మర్యాదగా, “యెస్ సర్, యెస్ సర్” అన్నాడు. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ ప్రశ్నకు అర్థం ‘సోమవారం దాకా ఆగడానికి మీకేమైనా అభ్యంతరమా?’ అని. మనవాడు ‘అవును సార్, అభ్యంతరమే’ అని రెండుసార్లు చెప్పినట్టయింది. ఇక్కడ ‘నాట్ ఎట్ ఆల్’ అనాలి, లేదా ‘నో ప్రాబ్లమ్’ అంటే సరిపోతుంది. అలాగే ‘ఐ డోంట్ మైండ్’ అంటే నాకు అభ్యంతరం లేదు అని, నాకు కావాలి అని కాదు. మన పిల్లలు ఈ రెండింటినీ కలిపేస్తారు.

కలిపేస్తే ఏమవుతుందో చెబుతాం. మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లింది. పేర్లు వద్దు. రెండు షిఫ్టులున్నాయి, రెండు ఊళ్లున్నాయి, ‘డూ యూ హావ్ ఎనీ ప్రిఫరెన్స్?’ అని అడిగారు. పిల్లకు ప్రశ్న అర్థమైంది, ఇంగ్లీషు కూడా వచ్చు. అయినా ‘ఎనీథింగ్ ఈజ్ ఓకే సర్’ అంది. దూరపు ఊరు, రాత్రి షిఫ్టు ఇచ్చారు. ఇంట్లో పంపలేదు. వచ్చిన ఉద్యోగం అట్లా పోయింది. ‘ఎందుకట్లన్నవు బిడ్డా’ అని అడిగితే, “నన్ను ఎన్నడన్న ఎవరన్న నీకేది కావాలె అని అడిగిండ్రా టీచర్? అలవాటు లేదు, నోట్లకెళ్లి రాలే” అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. మాటలు మేము నేర్పగలం. అడిగే అలవాటు ఇళ్లలో రావాలి. ఆ తర్వాతి ఆదివారం నుంచి తరగతి మొదట్లో ఒక ఆట పెట్టాం. ప్రతి ఒక్కరూ లేచి ‘ఐ వుడ్ రాదర్…’ అని మొదలుపెట్టి ఏదో ఒకటి చెప్పాలి. ‘అది కాదు, నాకిది మేలు’ అని దాని అర్థం. వద్దనుకుంటే ‘ఐ వుడ్ రాదర్ నాట్’. కొట్టినట్టు ఉండదు, గట్టిగానే ఉంటుంది. ఇందాక ‘వి లైక్’ అన్న చిన్నవ్వ ఇంట్లో చుట్టాలొచ్చిన రోజు, రాత్రి పది గంటలకు మళ్లీ రొట్టెలు చెయ్యమంటే, “ఐ వుడ్ రాదర్ నాట్” అందట. ఇంట్లో ఎవరికీ అర్థం కాక ఎవరూ ఏమీ అనలేదట. ఆ పూట బావగారే ఖానావళి నుంచి రొట్టెలు తెచ్చారు.

ఇక చివరిగా ఒక ఇంటి సంగతి. ఆ ఇంటివాళ్లు చెప్పమన్నారు కాబట్టే చెబుతున్నాం.

మొదట ఫోను చేతికిచ్చిన కాక గురించి అన్నాం కదా, ఆయనకు నాలుగు సాంచాలు. నాన్న చద్దర్లు నేశాడు, ఈయన టవళ్లు నేస్తున్నాడు. కొడుకు పుణెలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడు. పిల్లవాడు మాట్లాడేది మన తెలుగే, కానీ చదివింది మరాఠీ బడి, తర్వాత ఇంగ్లీషు. తెలుగు అక్షరం రాదు. తండ్రి చదివింది తెలుగు బడి. ఇంట్లో ఉన్నంతసేపు మాటకు లోటు లేదు, రాతకొచ్చేసరికి ఇద్దరి మధ్య ఇంగ్లీషే ఉంది. అది తండ్రికి రాదు. మన ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు, ఈ హాలులో చాలామందికి తెలిసిన సంగతే.

ఒకరోజు కొడుకు మెసేజీ పెట్టాడు: ‘ఐ యామ్ ఇన్‌క్లైన్డ్ టు సెల్ ది లూమ్స్. బట్ ఇట్స్ యువర్ కాల్.’ కాకకు ‘సెల్’ తెలుసు, ‘లూమ్స్’ తెలుసు, ‘కాల్’ తెలుసు. కూడబలుక్కొని ఆయన చదువుకున్నది ఇది: ‘సాంచాలు అమ్ముతున్నాను. నువ్వే ఫోను చెయ్యి.’ పదిహేను రోజులు ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు. ఫోను చెయ్యలేదు. “అమ్మేటోడు వాడే, పైంగ ఫోను నేను చెయ్యాల్నా, వాడికి గంత తీరిక కూడా లేదా” అని కోపం. ఆ పదిహేను రోజుల్లో భార్యకూ చెప్పలేదు. ఇనుప సామాను కొనేవాడిని ఒకణ్ని ఇంటికి పిలిచి సాంచాలు చూపించాడు కూడా. చివరికి ఒక ఆదివారం పాఠమైపోయాక అందరూ వెళ్లేదాకా కూర్చొని ఫోను మా ముందు పెట్టాడు.

‘ఇన్‌క్లైన్డ్’ అంటే వాలి ఉండటం కాకా, అన్నాం. గోడ వాలింది, పడలేదు. మనసు అటు మొగ్గుతోంది అని పిల్లవాడు అన్నాడు గానీ అమ్ముతున్నానని అనలేదు. ‘యువర్ కాల్’ అంటే ఫోను కాదు, తీర్పు నీది అని. నువ్వు ఎట్లా అంటే అట్లా అని. కాక ఆ వాక్యాన్ని మళ్లీ చదివించుకున్నాడు. మూడోసారి చదివించుకున్నాడు. “అంటే నన్నే అడిగిండా వాడు?” అన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ పదిహేను రోజుల కోపం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం చిన్నవ్వను కూడా వెంటబెట్టుకొచ్చాడు. జవాబు రాయాలి అన్నాడు. రాద్దామని మేము పెన్ను తీస్తుంటే చిన్నవ్వ అందుకుంది: “వాడు నీకు రాసిండు, నువ్వు వాడికి రాస్తవు. కండెలు సుట్టింది నేను, అంచులు కుట్టింది నేను. నన్నెవరన్న అడిగిండ్రా?” మేము ఆమెకు ఒక మాట చెప్పాం. ‘ఐ హావ్ ఎ సే ఇన్ దిస్.’ ఇందులో నా మాటకూ చోటుంది అని. ఆమె దాన్ని నాలుగుసార్లు అనుకుంది, కాక వైపు చూస్తూ. ఆయన ఏమీ అనలేదు. తర్వాత ఇద్దరూ కూర్చొని, అరగంట తెలుగులోనే వాదించుకొని, మాతో రాయించింది ఇది: ‘వి వుడ్ ప్రిఫర్ టు కీప్ టూ అండ్ సెల్ టూ. వి హావ్ నాట్ డిసైడెడ్. ప్లీజ్ కమ్ ఫర్ నారళీ పౌర్ణిమ.’ ఇక్కడ ‘వి’ సరైన చోట పడింది.

‘డిసైడ్’ గురించి అప్పుడే వాళ్లకు చెప్పాం. లాటిన్‌లో దాని మూలం ‘కోసి వేరుచెయ్యడం’. మగ్గం మీది నుంచి బట్ట కోసినట్టే. కోశాక మళ్లీ అతకదు. అందుకే ఇంగ్లీషువాళ్లు కోసేముందు అనుకునే మాటలు బోలెడు పెట్టుకున్నారు. ‘లెట్ మీ థింక్ ఇట్ ఓవర్’ అంటే ఆలోచించుకోనివ్వండి అని, ‘ఐ యామ్ స్టిల్ అన్‌డిసైడెడ్’ అంటే ఇంకా తేల్చుకోలేదు అని, ‘ఐ హావ్ సెకండ్ థాట్స్’ అంటే ముందనుకున్నది ఇప్పుడు సందేహంగా ఉంది అని. మనవాళ్లు ఇవి వాడరు. ఆలోచించుకుంటామంటే చేతకానివాళ్లం అనుకుంటారని భయం. ‘ఐ నీడ్ టూ డేస్ టు డిసైడ్’ అని రాసి చూడండి. రెండు రోజుల్లో పారిపోయే గిరాకీ ఎలాగూ పేమెంటు సరిగా ఇచ్చేవాడు కాదు. ఇది మాలో బ్యాంకులో పనిచేసినవారి అభిప్రాయం, మిగతా ముగ్గురం పూర్తిగా ఒప్పుకోం.

పిల్లవాడు పౌర్ణమికి వచ్చాడు. మార్కండేయ మహారాజు రథం వెళ్లిపోయాక ముగ్గురూ మిద్దె మీద కూర్చొని మాట్లాడుకున్నారట, మన తెలుగులో, సగం మరాఠీలో. రెండు సాంచాలు అమ్మారు. మిగిలిన రెండింటి మీద పని నడుస్తోంది, ఆర్డర్ల మెసేజీలు పుణె నుంచి కొడుకే చూస్తున్నాడు. ఆ రెండింటి సంగతి వచ్చే ఏడు మళ్లీ మాట్లాడుకుంటారట. కొడుక్కు తెలుగు అక్షరాలు నేర్పమని చిన్నవ్వ మమ్మల్ని అడిగింది. వారానికోసారి ఫోనులోనే నేర్పుతున్నాం, గుణింతాల దాకా వచ్చాడు.

మా తరగతి ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు. ఫీజు లేదు. బయటి ఊళ్లవాళ్లకు ఫోనులో చెబుతాం, సంఘం ఆఫీసులో అడిగితే నంబరిస్తారు. ఒక్కటే మనవి. అర్థం కాని ఆర్డరు మెసేజీ ఉంటే నూలు కొన్నాక కాదు, కొనేముందు తీసుకురండి. ఇంటివాళ్ల మెసేజీలైనా తీసుకురండి, బయట చెప్పం. సెలవు.